ముద్ద కట్టని నలుసులు

పిల్లలూ! నీళ్ళు దేనితో తయారయ్యాయని అడిగితే మీలో చాలామంది టక్కున చెబుతారు: రెండు వంతులు ఉదజని, ఒక వంతు ఆమ్లజని. మీ పుస్తకాల్లో వీటినే హైడ్రోజన్, ఆక్సిజన్ అంటున్నారు. మేము బడిలో నేర్చుకున్న పేర్లు నా నోటికి అలవాటైపోయాయి గనక ఆ పేర్లతోనే చెబుతాను. ఉదజని అంటే ఉదకాన్ని పుట్టించేది అని అర్థం. చక్కని మాట గదూ!

చెప్పడం సులభమే. కాని ఆ రెండింటినీ విడదీసి చూపమంటే?

దానికి ఒక ఉపాయం ఉంది. ఇంట్లో పెద్దవాళ్ళను ఒకరిని పక్కన ఉంచుకుని, కిటికీలు తెరిచిపెట్టి చేయండి. గాజుగ్లాసులో నీళ్ళు పోసి ఒక చెంచాడు వంటసోడా కలపండి. రెండు పెన్సిళ్ళను రెండు కొసలా చెక్కండి. ఒక అట్టముక్కకు రెండు బెజ్జాలు చేసి, వాటిలో పెన్సిళ్ళు దూర్చి, ఒకదాన్నొకటి తగలకుండా నీళ్ళలోకి దించండి. పైకి ఉన్న ములుకులకు తీగెలు చుట్టి 9 వోల్టుల బ్యాటరీకి కలపండి. కాసేపటికి నీళ్ళలో ఉన్న ములుకుల దగ్గర సన్నని బుడగలు లేస్తాయి. బ్యాటరీ రుణధ్రువానికి కలిపిన పెన్సిలు దగ్గర బుడగలు ఎక్కువ, అది ఉదజని. రెండోవైపు వచ్చేది ఆమ్లజని. సోడాకు బదులు ఉప్పు మాత్రం వేయకండి. ఉప్పు వేస్తే క్లోరిన్ అనే విషవాయువు పుడుతుంది. గోడలో ఉన్న కరెంటు జోలికి అసలే పోకండి. బుడగల దగ్గరికి అగ్గిపుల్ల తేవద్దు.

విద్యుత్ ఘటంతో ఈ పని మొదట చేసినవాళ్ళు ఇద్దరు ఇంగ్లీషువాళ్ళు. ఒకరు విలియం నికల్సన్, రెండోవారు ఆంథొనీ కార్లైల్ అనే శస్త్రవైద్యుడు. ఇటలీలో వోల్టా విద్యుత్ ఘటాన్ని కనిపెట్టాడన్న కబురు లండనుకు చేరగానే, వీళ్ళు వెండి నాణేలూ జింకు బిళ్ళలూ ఒకదాని మీద ఒకటి పేర్చి తామూ ఒక ఘటాన్ని తయారుచేశారు. 1800 మే నెల మొదట్లో దాని తీగెలను నీళ్ళలో ముంచి చూచారు. మొదట ఇత్తడి తీగెలు వాడారు. ఒక తీగె దగ్గర బుడగలు వచ్చాయి. రెండో తీగె నల్లబడి పాడయింది. తరువాత ప్లాటినం తీగెలు పెట్టారు. అప్పుడు రెండువైపులా వాయువులు లేచాయి!

మన కథలో ప్లాటినం అడుగుపెట్టింది ఇక్కడే.

అసలు నీటిని చీల్చి ఏం బావుకుంటామని మీ నాన్నగారు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. ఉదజని కాలితే పొగ రాదు, బొగ్గుపులుసు వాయువు రాదు. తిరిగి నీరే వస్తుంది. పొలాలకు చల్లే యూరియా తయారీకి కూడా ఉదజని కావాలి. నేడు ప్రపంచంలో వాడే ఉదజనిలో చాలా భాగం సహజవాయువు నుంచీ, బొగ్గు నుంచీ తీస్తున్నారు. అలా తీస్తే బొగ్గుపులుసు వాయువు గాలిలోకి పోనే పోతుంది. నీటి నుంచి ఎండ బలంతోనో, గాలిమరల విద్యుత్తుతోనో తీయగలిగితే ఆ బెడద ఉండదు. అందుకే మన దేశం 2023 జనవరిలో దీనికోసం ఒక జాతీయ పథకాన్ని ఆమోదించింది. 2030 నాటికి ఏడాదికి 50 లక్షల టన్నులు తీయాలని లక్ష్యం. 2025 జనవరిలో విశాఖపట్నానికి దగ్గరలో ఉన్న పూడిమడకలో ఇలాంటి ఒక కేంద్రానికి శంకుస్థాపన కూడా జరిగింది. కాబట్టి ఇది ఎక్కడిదో దూరదేశపు ముచ్చట కాదు.

సరే, ప్లాటినం దగ్గరికి వద్దాం. మీ పెన్సిలు ములుకు దగ్గర ఉదజని బుడగలు లేవాలంటే బ్యాటరీ గట్టిగా తోయాలి. ములుకుకు బదులు ప్లాటినం తీగె పెడితే చాలా తక్కువ తోపుతోనే బుడగలు వచ్చేస్తాయి. కారణం ఏమిటి? ఉదజని పరమాణువు ఒంటరిగా ఉండలేదు. మరొక దానితో జతకూడితే గాని వాయువై పైకి లేవదు. ఆ రెండూ కలుసుకునేందుకు ఒక చోటు కావాలి. ఊరిబయట రావిచెట్టు కింద అరుగు ఉన్నదనుకోండి. ఇద్దరు బాటసారులు వచ్చి కూర్చుంటారు, మాట కలుపుతారు, జతగా లేచి వెళతారు. అరుగు ఎక్కడికీ పోదు. తరువాత వచ్చేవాళ్ళకోసం అక్కడే ఉంటుంది. ప్లాటినం అలాంటి అరుగు. ఉదజనిని పట్టీపట్టనట్టు పట్టుకుంటుంది. పట్టు వదులైతే పరమాణువులు ఆగవు, గట్టిదైతే లేచిపోవు. ప్లాటినం పట్టు ఈ రెండింటికీ నడుమ సరిగ్గా కుదిరింది. తాను ఖర్చు కాకుండా పనిని త్వరపెట్టే ఇలాంటి వస్తువును ఉత్ప్రేరకం అంటారు. ఈ గుణానికి 1835లో పేరు పెట్టినవాడు స్వీడనుదేశపు రసాయనవేత్త బెర్జీలియస్.

అయితే ప్లాటినం ఖరీదైన లోహం. ముద్దగా పెడితే దాని లోపలి భాగం అంతా దండగ. బాటసారులు కూర్చునేది అరుగు పైభాగం మీదే గాని దాని పునాదిలో కాదు గదా! అందుచేత దాన్ని పొడి చేయాలి. ఎంత మెత్తగా? లెక్క వేసి చూడండి. ఒక సెంటీమీటరు పొడవు, వెడల్పు, ఎత్తు ఉన్న ప్లాటినం దిమ్మె తీసుకోండి. బరువు 21 గ్రాముల పైచిలుకు. అంటే రెండు తులాలకు కొంచెం తక్కువ. దాని ఆరు ముఖాల వైశాల్యం 6 చదరపు సెంటీమీటర్లు, ఒక తపాలాబిళ్ళంత. ఇప్పుడు దీన్ని 10 నానోమీటర్ల దిమ్మెలుగా కోశామనుకోండి. నానోమీటరు అంటే మీటరులో నూరుకోట్లవ వంతు. మీ తలవెంట్రుక మందమే దాదాపు 80,000 నానోమీటర్లు ఉంటుంది. అంత చిన్న దిమ్మెల ముఖాలన్నీ కూడితే 600 చదరపు మీటర్లు వస్తుంది. మన లెక్కలో ఇంచుమించు 15 సెంట్ల స్థలం! తపాలాబిళ్ళ అంత చోటు, ఇల్లు కట్టి పెరడు వేసుకునేంత చోటయింది. ప్లాటినం ఒక్క రవ్వ కూడా పెరగలేదు. (లెక్క సరిగా ఉన్నదో లేదో మీరే చేసి చూచుకోండి. చెప్పినదాన్ని ఊరికే నమ్మవద్దు.)

ఇంతవరకూ బాగానే ఉంది. చిక్కు ఇప్పుడు మొదలవుతుంది.

అంత మెత్తని నలుసులు విడివిడిగా ఉండవు. దగ్గరికి వస్తే చాలు, అంటుకుని ముద్ద కడతాయి. ఇంట్లో పెరుగు చిలకడం చూచారా? పాలలో వెన్న మొదటినుంచీ ఉంటుంది. కంటికి కనిపించని బొట్లుగా ఉంటుంది. ఒక్కొక్క బొట్టు చుట్టూ పల్చని పొర ఒకటి ఉండి, పక్క బొట్టుతో కలవకుండా కాస్తుంది. కవ్వం ఆ పొరలను చింపుతుంది. అప్పుడు బొట్టుకు బొట్టు చేరి వెన్నముద్ద తేలుతుంది. వెన్న ముద్ద కడితే మనకు పండుగ. ప్లాటినం ముద్ద కడితే శాస్త్రజ్ఞుడు తల పట్టుకుంటాడు. పదిహేను సెంట్లు మళ్ళీ తపాలాబిళ్ళ వైపు నడుస్తున్నాయన్నమాట.

ఎందుకు అంటుకుంటాయి? లోహం నడుమ ఉన్న పరమాణువుకు అన్నివైపులా చుట్టాలే. అంచున ఉన్నదానికి ఒకవైపు ఎవ్వరూ లేరు. పట్టుకోవడానికి చాచిన చెయ్యి చాచినట్టే ఉంటుంది. ఆ చాచిన చేతులే ఉదజనిని పట్టుకుని మనకు పనిచేసి పెడతాయి. పక్క నలుసు వస్తే దాన్నీ ఆ చేతులే పట్టుకుంటాయి. మేలూ కీడూ ఒకే గుణంలో ఉన్నాయి. ఈ సంగతి గుర్తుంచుకోండి. దీనితో ఇంకా పని ఉంది.

ముద్ద కట్టడానికి నలుసులు ఒకదాన్నొకటి తాకనక్కర కూడా లేదు. చిన్న నలుసు నుంచి పరమాణువులు ఒక్కొక్కటే ఊడి వెళ్ళి పెద్ద నలుసుకు అతుక్కుంటాయి. చిన్నది కరిగిపోతుంది, పెద్దది బలుస్తుంది. ఫ్రిజ్‌లో చాలాకాలం ఉంచిన ఐస్‌క్రీం నాలుకకు గరగరలాడటానికి కారణం ఇదే. చిన్న మంచుపలుకులు తరిగి పెద్దవి పెరిగాయి. దీన్ని వివరించిన జర్మను శాస్త్రజ్ఞుడు ఆస్ట్‌వాల్డ్ పేరుతోనే ఈ వింతను పిలుస్తారు.

మరి నలుసులను విడివిడిగా ఉంచడం ఎలా? ఇది కొత్త ప్రశ్న కాదు. మైకేల్ ఫారడే పేరు మీరు వినే ఉంటారు. కమ్మరివాడి కొడుకు, పుస్తకాలు కుట్టే దుకాణంలో పని నేర్చుకున్న కుర్రవాడు, చివరికి ఇంగ్లండులో మహాశాస్త్రజ్ఞుడయ్యాడు. ఆయన 1850 తరువాత బంగారంతో ఒక విచిత్రం చేశాడు. కరిగించిన బంగారు లవణంలో భాస్వరం కలిపేసరికి కెంపులాంటి ఎర్రని ద్రవం తయారయింది. పచ్చని బంగారం ఎర్రగా ఎందుకున్నది? నలుసులు అంత చిన్నవి గనక. ఆ ద్రవంలో చిటికెడు ఉప్పు వేస్తే ఎరుపు పోయి నీలం అయింది, ఆపైన బంగారం అడుగుకు దిగింది. నలుసుల మీద విద్యుదావేశం ఉండి అవి ఒకదాన్నొకటి నెట్టుకుంటున్నాయి. ఉప్పు ఆ నెట్టుడును అణచివేసింది. కాని ముందుగా కొంచెం జెల్లీ కలిపి ఆ తరువాత ఉప్పు వేస్తే రంగు మారలేదు! ఈ సంగతులు ఆయన 1857లో లండనులో ఉపన్యసించాడు. ఆయన చేసిన ఎర్రని బంగారు ద్రవపు సీసాలు నేటికీ అక్కడి రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో ఉన్నాయి. ఇన్నేళ్ళయినా ఎరుపు పోలేదు.

జెల్లీ చేసినది, పాలలో పల్చని పొర చేసే పనే. జెల్లీ అణువులు పొడుగాటి దారాల వంటివి. అవి ఒక్కొక్క నలుసు చుట్టూ చుట్టుకుని, కుచ్చులాగా బయటికి నిలబడి, పక్కదాన్ని దగ్గరికి రానివ్వవు. వియన్నాలో పుట్టిన జిగ్మండి అనే రసాయనవేత్త దీనికి ఒక కొలబద్ద కూడా తయారుచేశాడు. 10 మిల్లీలీటర్ల ఎర్రబంగారు ద్రవంలో, నూటికి పదిపాళ్ళ ఉప్పునీరు 1 మిల్లీలీటరు పోయాలి. రంగు మారకుండా కాపాడటానికి ఏ బంక ఎన్ని మిల్లీగ్రాములు కావాలి? జెలటిన్ అయితే ఒక మిల్లీగ్రాములో నూరోవంతు చాలు. ఆఫ్రికా తుమ్మబంక దాదాపు 0.15 కావాలి. బంగాళాదుంప గంజిపొడి అయితే ఇంచుమించు 25! అందరు కాపలాదారులూ ఒకటి కాదన్నమాట. జిగ్మండికి 1925 సంవత్సరపు నోబెల్ బహుమానం వచ్చింది.

తుమ్మబంక అనగానే మీ ఇంటి తాతగారినో, ముత్తాతగారినో తలుచుకోండి. పూర్వం దీపపు మసితో సిరా నూరేవారు. ఉత్త మసిని నీళ్ళలో వేస్తే పైన తేలుతుంది, ముద్దలు కడుతుంది, అడుగుకు దిగుతుంది. బంకనీళ్ళు పోసి మెత్తగా నూరితే నల్లని సిరా నిలుస్తుంది. మీరూ చేసి చూడవచ్చు: ఒక సీసాలో మసీ నీళ్ళూ, ఇంకొక దానిలో బంకతో నూరిన మసీ నీళ్ళూ పోసి వారంరోజులు కదల్చకుండా ఉంచండి. మర్నాటికే తేడా తెలుస్తుంది.

ప్లాటినంకు కూడా ఈ వైద్యమే చేశారు. 1941లో అమెరికాలో రాంపినో, నార్డ్ అనేవారు పాలివినైల్ ఆల్కహాల్ అనే బంకతో ప్లాటినం నలుసులను కాపాడారు. 1979లో స్విట్జర్లాండులోని లొజాన్ నగరంలో కీవీ, గ్రెట్సెల్ అనేవారు ఇలాంటి నలుసులు వాడి, వెలుతురు బలంతో నీటినుంచి ఉదజని తీశారు. అయితే అది సగం పనే. ఆమ్లజని రాలేదు, దానికి బదులు వేరే ఒక మందు ఖర్చయిపోతూ ఉండేది.

ఇందాక గుర్తుంచుకోమన్న మాట ఏది? ఉదజనిని పట్టేవీ, పక్క నలుసును పట్టేవీ ఒకే చేతులు. ఆ చేతులకు బంక పూశామంటే నలుసులు అంటుకోవు గాని, ఉదజనికి కూడా చోటు తగ్గుతుంది. బంక తక్కువైతే ముద్ద కడుతుంది. ఎక్కువైతే పని నిలిచిపోతుంది. అరుగు మీద ఎవరూ గొడవపడకుండా ఉండాలని దాని చుట్టూ ముళ్ళకంచె వేసినట్టు ఉంటుంది! నలుసులను ఏదైనా ఆధారం మీద, అంటే బొగ్గుపొడి మీదనో, వేరొక గింజ మీదనో దూరదూరంగా అతికించడం ఇంకొక ఉపాయం. నీటిని విద్యుత్తుతో చీల్చే కొన్ని రకాల యంత్రాల్లో ఉదజని వైపున ఇలాగే చేస్తారు. అక్కడ కూడా కాలం గడిచేకొద్దీ నలుసులు బలుస్తూనే ఉంటాయి.

ఇంకొక చిక్కు ఉంది. నా దృష్టిలో ఇదే అన్నిటికంటె తమాషా అయినది. 1823లో జర్మనీలోని యేనా నగరంలో డోబరైనర్ అనే ఆచార్యుడు బొరబొరలాడే ప్లాటినం మీదికి ఉదజనిని సన్నని ధారగా వదిలాడు. ప్లాటినం ఎర్రగా కాగింది, ఉదజని భగ్గున మండింది! నిప్పు లేదు, అగ్గిపుల్ల లేదు. గాలిలో ఉన్న ఆమ్లజనీ, ఈ ఉదజనీ ప్లాటినం మీద కలుసుకుని నీరైపోతూ అంత వేడి పుట్టించాయి. దీనితో ఆయన ఒక దీపం కూడా చేశాడు. ఇళ్ళలో నిప్పు రాజేసుకోవడానికి వాడేవారు.

చూచారా! నీటినుంచి ఉదజనిని తీయడానికి సాయపడే ప్లాటినమే దాన్ని తిరిగి నీటిగా మార్చడానికి కూడా సాయపడుతుంది. గుమ్మం లోపలికి పోయేవాడికీ గుమ్మమే, బయటికి వచ్చేవాడికీ గుమ్మమే. విద్యుత్ యంత్రాల్లో రెండు వాయువులూ వేరువేరు గదుల్లో పుడతాయి గనక అంత బాధ లేదు. ఎండతో తిన్నగా నీటిని చీల్చాలనుకున్నవాళ్ళకే ఇది గొంతులో వెలక్కాయ అయింది.

ఎండతో చీల్చడమనే ఆశను ప్రపంచంలో రేపినవాళ్ళు జపానుకు చెందిన ఫుజిషిమా, హోండా. తెల్లరంగుల్లో వాడే టైటానియం డైఆక్సైడు మీద వెలుతురు పడితే నీరు విడిపోతుందని వాళ్ళు 1972లో ప్రకటించారు. ఆ తరువాత, తీగెలూ యంత్రాలూ లేకుండా ఒక పొడిని నీళ్ళలో వేసి ఎండలో పెడితే చాలదా అని ఆలోచించారు. పొడిలోని ఒక్కొక్క గింజా వెలుతురును మింగుతుంది. దాని మీద అతికించిన లోహపు నలుసులు ఉదజనిని వదులుతాయి. అదే గింజ మరొకచోట ఆమ్లజనిని వదులుతుంది. కాని రెండు వాయువులూ ఒకే నీళ్ళలో, ఒకే గింజ పక్కన! పుట్టిన ఉదజని పుట్టినట్టే ఆ లోహం మీద ఆమ్లజనితో కలిసి మళ్ళీ నీరైపోయేది. ఒకచేత్తో వడ్డించి రెండోచేత్తో విస్తరి లాగేసినట్టు.

2006లో జపానులో మయెదా, దోమెన్, వారి తోటివారు దీనికి ఉపాయం కనిపెట్టారు. ప్లాటినం జాతికే చెందిన రోడియం అనే లోహపు నలుసులను గింజ మీద అతికించారు. ఆ ఒక్కొక్క నలుసుకూ క్రోమియం ఆక్సైడుతో ఒక చొక్కా తొడిగారు. చొక్కా మందం ఇంచుమించు 2 నానోమీటర్లు. దాని విశేషం ఏమిటంటే ఉదజని అందులోనుంచి దూరి రాకపోకలు చేయగలదు; ఆమ్లజని దూరలేదు. లోపల లోహం మీద ఉదజని జతకూడి బయటికి వచ్చేస్తుంది. కయ్యానికి వచ్చే ఆమ్లజని చొక్కా బయటే ఆగిపోతుంది. బంకలాగా చేతులు కట్టివేయడం కాదు ఇది. ఎవరిని రానివ్వాలో ఎవరిని ఆపాలో ఎరిగిన కాపలా!

2020లో అదే వర్గంవారు, అల్యూమినియం కొద్దిగా కలిపిన స్ట్రాంషియం టైటనేట్ గింజల మీద, ఒకవైపు ముఖాలకు చొక్కా తొడిగిన రోడియాన్నీ, వేరే ముఖాలకు ఆమ్లజనిని పుట్టించే కోబాల్టు పదార్థాన్నీ అతికించారు. కంటికి కనిపించని అతినీలలోహిత కిరణాల్లో ఒక జాతి వాటిని దానిపై పడవేస్తే, నూటికి 96 వరకు పనికి వచ్చాయి. నూటికి 96! 2021లో ఆ పొడిని పలకలపై పూసి, 100 చదరపు మీటర్ల మేర, అంటే దాదాపు రెండున్నర సెంట్ల మేర, జపానులో ఆరుబయట ఎండలో పరిచారు. నెలల తరబడి నడిపారు. ఎండలోని మొత్తం బలంలో ఎంత ఉదజనిగా నిలిచిందో తెలుసా? ఎక్కువలో ఎక్కువ నూటికి 0.76. పరీక్షగదిలో నూటికి 96 తెచ్చుకున్నవాడికి ఎండలో ఒక్క మార్కు కూడా రాలేదేమని మీరు నవ్వుతారేమో! నవ్వకండి. ఎండలో అతినీలలోహిత కిరణాలు కొద్దిపాటివే. మిగిలిన వెలుతురును ఈ గింజ మింగలేదు. లాభసాటిగా ఉండాలంటే నూటికి 5 నుంచి 10 దాకా రావాలని అంచనా. అందుకు కంటికి కనిపించే వెలుతురును మింగే గింజలు కావాలి. వాటికోసం వెతుకులాట సాగుతున్నది.

ఇక ఆ చొక్కా సంగతి. ఎండలో, నీళ్ళలో, ఆమ్లజని నడుమ అదీ నెమ్మదిగా కరుగుతుంది. చొక్కా చిరిగితే లోపలి రోడియం బయటపడుతుంది. మళ్ళీ పాత కథే. 2019లో ఈ వర్గంవారు, కోబాల్టు పదార్థాన్ని గింజ మీద అతికిస్తే ఆ కరుగుడు తగ్గుతుందని చూపారు. అలా చేసిన పొడి ఆగకుండా 1000 గంటలకు పైగా వెలుతురులో పనిచేసింది. రోజుకు 8 గంటల ఎండ అనుకుంటే అది 125 రోజులు. ఇంటికప్పు మీద పరిచే పలక అయితే ఏళ్ళ తరబడి నిలవాలి. పదేళ్ళకు ఎన్ని గంటలవుతాయో మీరే లెక్క వేసి చూడండి. ఈ నలుసులు నిలవవలసినది అంతకాలం.